ఆకలికి రుచి తెలుసు

అన్నం దగ్గర ఎత్తాల్సిన విషయం కాదు. కానీ ఆ రోజు నేనే ఎత్తాను. 2025 ఏప్రిల్‌లో గాజా నుంచి వచ్చిన ఒక వార్తను అప్పట్లో ఫోన్లో దాచుకున్నాను. అది మళ్ళీ కంటబడితే పైకి చదివాను. ఖాన్ యూనిస్ దగ్గర వలలో పడిన సముద్రపు తాబేలును కోసి, ఉడకబెట్టి, ఉల్లిపాయలూ టమాటాలూ మసాలాలూ వేసి కట్టెల పొయ్యి మీద వండుకున్నారు. ఆ ఇంట్లో తాబేలు కూర వండటం అది మూడోసారి. మా మామయ్య విని, "ఆకలి రుచి ఎరగదు కదరా" అన్నాడు. జాలిగానే అన్నాడు. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

రాత్రి ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ వార్తలో నేను పైకి చదవని సంగతులు రెండు ఉన్నాయి. ఒకటి, తాబేలును చూసి పిల్లలు భయపడ్డారు. దూడ మాంసంలా రుచిగా ఉంటుందని ఇంట్లో పెద్దావిడ నచ్చజెప్పింది. కొందరు తిన్నారు, కొందరు తినలేదు. రెండోది, తాబేలును హలాల్ పద్ధతిలోనే కోశామని దాన్ని పట్టినతను చెప్పాడు.

ఏడాదిన్నర యుద్ధం నడిచింది. సరిహద్దులు మూసేశారు. అయినా ఒక పిల్లవాడు తల అడ్డంగా ఊపాడు. ఒక మనిషి కత్తి పట్టే ముందు పద్ధతి గుర్తు చేసుకున్నాడు. వాళ్ళ ఆకలికి రుచి తెలియదని నేనెలా తలూపాను?

అప్పటినుంచి యుద్ధకాలపు తిండి గురించి నాకు తెలిసినవన్నీ ఈ ఒక్క ప్రశ్న ముందు పెట్టి చూసుకుంటున్నాను. చూసిన కొద్దీ నాకు గట్టిపడిన అభిప్రాయం ఇది: ఆకలితో ఉన్న మనిషి ఏదైనా తింటాడనేది కడుపు నిండినవాళ్ళ ఊహ. ఆకలితో ఉన్నవాళ్ళు తమ రుచినీ, నియమాన్నీ, సిగ్గునూ చాలా చివరిదాకా పట్టుకుని ఉంటారు. అవి వదిలేయాల్సి వచ్చినప్పుడు కూడా ఊరికే వదలరు. పేరు మారుస్తారు, అనుమతి అడుగుతారు, పిల్లలకు అబద్ధం చెబుతారు.

పారిస్ మెనూ కార్డు

కొన్నేళ్ళ క్రితం నేనొక ఫొటోను వాట్సాప్ గ్రూపులో పంపాను. 1870లో ప్రష్యా సైన్యం పారిస్‌ను చుట్టుముట్టినప్పుడు, ముట్టడి 99వ రోజున, క్రిస్మస్ నాడు వొయిజాఁ అనే రెస్టారెంట్‌లో వడ్డించినవంటూ తిరిగే మెనూ అది. కూరిన గాడిద తల, కాల్చిన ఒంటె, కంగారూ కూర, ఎలుగుబంటి పక్కటెముకలు, తోడేలు తొడ, చుట్టూ ఎలుకలు పేర్చిన పిల్లి. పక్కనే ఖరీదైన పాత వైన్ల జాబితా. అందరూ నవ్వారు, ఛీ అన్నారు, ఎమోజీలు పెట్టారు. ఆ రోజు ఆ ఫొటో పంపినందుకు ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది.

ఎందుకంటే ఆ కార్డు పారిస్ ఆకలి గురించి చెప్పేది చాలా తక్కువ. ఆ శీతాకాలంలో జంతుప్రదర్శనశాలలోని రెండు ఏనుగుల్ని, కాస్టర్‌నూ పొలక్స్‌నూ, కాల్చి చంపారు. హౌస్‌మన్ బులెవార్డులోని ఒక మాంసం దుకాణం వాటిని 27,000 ఫ్రాంకులకు కొంది. తొండం మాంసం పౌను 40 ఫ్రాంకులు దాటి అమ్ముడైంది. అదే ఊళ్ళో నేషనల్ గార్డులో చేరి తుపాకీ మోసిన సామాన్యుడికి రోజు భత్యం ఒకటిన్నర ఫ్రాంకు. అంటే పౌను తొండం అతనికి దాదాపు నెల జీతం. లబూషేర్ అనే ఇంగ్లీషు విలేకరి పొలక్స్ ముక్క తిని, ముదురుగా, ముతకగా, జిడ్డుగా ఉందనీ, గొడ్డుమాంసమో పొట్టేలు మాంసమో దొరికేంత కాలం ఏనుగు జోలికి పోవద్దనీ రాశాడు. ఏనుగును తిన్నవాళ్ళు ఆకలితో తిన్నవాళ్ళు కారు. కథ చెప్పుకోవడానికి తిన్నారు.

అసలు ఊరు తిన్నది గుర్రాన్ని. ముట్టడి కాలంలో 65,000 గుర్రాలు, 5,000 పిల్లులు, 1,200 కుక్కలు, కేవలం 300 ఎలుకలు తిన్నారని ఆ రోజుల్లోనే ఒక అమెరికన్ లెక్క కట్టాడు. ఆ అంకెలు ఎంత కచ్చితమో పక్కన పెట్టినా, వాటి మధ్య తేడా చూడండి. పారిస్ అనగానే లోకానికి ఎలుకలు గుర్తొస్తాయి. ఎలుకలకు ఆ ఊళ్ళో కొదవ లేదు, పట్టుకోవడానికి డబ్బూ అక్కర్లేదు. అయినా జనం వాటి జోలికి పెద్దగా పోలేదు. ఎలుకను తినేలా చేయడానికి సాసులూ, వంటవాడి చెయ్యీ కావాలి. అవి ఉన్నది డబ్బున్నవాళ్ళ దగ్గర. పేదవాళ్ళు మాంసం దుకాణాల ముందు చలిలో క్యూలు కట్టారు. జనవరిలో రొట్టె రేషను మనిషికి 300 గ్రాములకు దిగింది. అందులోనూ బియ్యం, ఓట్లు, గడ్డి కలిసేవి.

ఇంకొక సంగతి. ఆ జంతుప్రదర్శనశాలలో కోతుల్ని ఎవరూ తినలేదు. మనిషిలా ఉంటాయని. ఏనుగును తిన్న ఊరు కోతి దగ్గర ఆగింది. గీత చెరిగిపోలేదు, కాస్త జరిగింది.

ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో అప్పుడు పారిస్‌లోనే ఉన్నాడు. డిసెంబరు 30న తన డైరీలో, ఇప్పుడు తింటున్నది గుర్రం కూడా కాదు, కుక్కేమో, ఎలుకేమో అని రాసుకున్నాడు. కడుపునొప్పి మొదలైందనీ, మేం తింటున్నది తెలియనిదాన్ని అనీ రాశాడు. నాకు ఆ మెనూ కార్డు మొత్తం కన్నా ఈ మాట ఎక్కువ చెబుతుంది. ఆయన బాధ రుచి బాగాలేదని కాదు. తన నోట్లో ఉన్నదానికి పేరు లేదని.

పేరు మార్చడం

ఏనుగుల కథ విన్నప్పుడు మా చిన్నమ్మాయి అడిగింది: "వాటికి పేర్లున్నాయి కదా, పేరున్నదాన్ని ఎలా తిన్నారు?"

యుద్ధకాలపు వంటగదిలో సగం పని ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే అనిపిస్తుంది. 1899 చివర్లో దక్షిణాఫ్రికాలో లేడీస్మిత్ అనే ఊరిని డచ్చి సంతతివాళ్ళైన బోయర్లు ముట్టడించినప్పుడు, లోపలున్న బ్రిటిష్ సైన్యం తాము ఎక్కి తిరిగిన గుర్రాల్నే చంపి రైల్వే షెడ్డులో ఉడికించి సారం తీసింది. దానికి 'షెవ్రిల్' అని పేరు పెట్టారు. బోవ్రిల్ అనే గొడ్డుమాంసపు సారం అప్పటికే ఇంటింటా ఉన్న సరుకు. ఫ్రెంచిలో షెవాల్ అంటే గుర్రం. రెండూ కలిపితే వచ్చిన ఆ పేరులో గుర్రం ఉంది, కానీ నాలుక మీద తెలిసిన సీసా రుచి కూడా ఉంది. 1944-45 శీతాకాలంలో నెదర్లాండ్స్‌లో జర్మన్ల ఆక్రమణ కింద కరవొచ్చినప్పుడు పిల్లి మాంసాన్ని 'ఇంటి కప్పు మీది కుందేలు' అన్నారు. గాజాలో పెద్దావిడ తాబేలును దూడ అంది.

ఇవి సరదా మాటలని నేను అనుకోవడం లేదు. ఆకలికి రుచి తెలియకపోతే ఈ పేర్లు అక్కర్లేదు. పిల్లిని పిల్లి అనే తినేసేవాళ్ళు. తనకు తాను చెప్పుకునే ఆ చిన్న అబద్ధంలో మనిషి తన పాత జీవితాన్ని కాస్త దాచుకుంటాడు.

కూట్‌లో మనవాళ్ళు

నా వాదనకు అసలు పరీక్ష కూట్. ఇరాక్‌లో టైగ్రిస్ నది వంపులో ఉన్న ఆ చిన్న ఊళ్ళో మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1915 డిసెంబరులో, జనరల్ టౌన్‌షెండ్ నాయకత్వంలోని బ్రిటిష్ ఇండియా సైన్యపు పూనా డివిజన్‌ను తుర్కీ సైన్యం చుట్టుముట్టింది. లోపలున్నవాళ్ళలో ఎక్కువమంది భారతీయ సిపాయిలు. సరుకు తరిగిపోయింది. గుర్రాల్నీ కంచర గాడిదల్నీ కోయడం మొదలుపెట్టారు. బ్రిటిష్ సైనికులు తిన్నారు. భారతీయుల్లో ఎక్కువమంది, హిందువులూ ముస్లింలూ సిక్కులూ, మేం తినం అన్నారు.

టౌన్‌షెండ్ మతపెద్దల అనుమతి కోసం భారతదేశానికి కబురు పంపాడు. యుద్ధంలో తప్పు లేదని వైర్‌లెస్ మీద జవాబులూ వచ్చాయి. సిపాయిలు కదల్లేదు. ఎక్కడో కూర్చున్న పెద్దమనిషి ఒప్పుకున్నాడు, కానీ రేపు ఊరికి పోతే మా ఊరివాళ్ళు ఒప్పుకుంటారా అన్నది వాళ్ళ భయం. వెలేస్తారనీ, పిల్లలకు సంబంధాలు రావనీ భయపడ్డారు. చివరికి గుర్రం మాంసం తినని నాయక్‌లనూ హవల్దార్లనూ తీసేసి, తినేవాళ్ళను ఆ పదవుల్లో పెడతానని టౌన్‌షెండ్ బెదిరించాల్సి వచ్చింది. ఏప్రిల్‌లో, పిండి రేషను రోజుకు నాలుగైదు ఔన్సులకు దిగాక, చాలామంది తినడం మొదలుపెట్టారు. అప్పటికే ఆలస్యమైంది. 147 రోజుల ముట్టడి తర్వాత 1916 ఏప్రిల్ 29న కూట్ లొంగిపోయింది.

ఇక్కడ నా వాదన నన్నే గుచ్చుతుంది. ఆ నిరాకరణకు వాళ్ళు శరీరంతో వెల కట్టారు. తాజా మాంసం లేక భారతీయుల్లో స్కర్వీ విపరీతంగా వచ్చింది. చిగుళ్ళు ఉబ్బి రక్తం కారింది, పాత గాయాలు తిరగబెట్టాయి. గుర్రం మాంసం తిన్న బ్రిటిష్ వాళ్ళకు ఆ బాధ తక్కువ. లొంగిపోయాక జరిగిన ఎడారి నడకలో, ఖైదీ శిబిరాల్లో వేలమంది చనిపోయారు. ముందే తిని ఉంటే కొందరికైనా నడిచే బలం మిగిలేదేమో. నేను ఆ సిపాయి తమ్ముడినై ఉంటే, అన్నా, కళ్ళు మూసుకుని తిను, ఊరి సంగతి తర్వాత చూసుకుందాం అని కాళ్ళు పట్టుకునేవాణ్ణి.

అయినా వాళ్ళది మూఢత్వం అని నాతో అనిపించలేరు. ఆ సిపాయికి ఊరే పింఛను, ఊరే బీమా, ఊరే బిడ్డల భవిష్యత్తు. బతికి తిరిగెళ్ళాక దాన్ని పోగొట్టుకుంటే ఆ బతుకు దేనికి అన్న లెక్క అతను వేసుకున్నాడు. తప్పు లెక్క కావచ్చు, లెక్కే లేదనకూడదు. ఇంతా చేసి, కూట్ ఇంకొన్నాళ్ళు నిలబడకపోవడానికి వీళ్ళు తినకపోవడమూ ఒక కారణమని టౌన్‌షెండ్ తర్వాత రాశాడు. బాగ్దాద్ వైపు తగినంత బలగం లేకుండా సైన్యాన్ని తోసినవాళ్ళ నిర్ణయం గురించి మాట్లాడటం కన్నా సిపాయి పళ్ళెం గురించి మాట్లాడటం తేలిక.

ఆ కథలో ఒక కుక్క కూడా ఉంది. దాని పేరు స్పాట్, టౌన్‌షెండ్ పెంపుడు కుక్క. ముట్టడి అంతా బతికింది. లొంగిపోయాక తుర్కీ సేనాని దాన్ని బస్రాకు పంపే ఏర్పాటు చేశాడు. అది క్షేమంగా ఇంగ్లండ్ చేరింది. కుక్క మీద నాకు కోపం లేదు, బతికినందుకు సంతోషమే. కానీ ఆ ముట్టడిలో ఒకరి ప్రేమకు అందరూ గౌరవమిచ్చారు, వేలమంది భయానికి ఎవరూ ఇవ్వలేదు. ఏ జంతువు మాంసం, ఏ జంతువు మాంసం కాదు అన్నది ఆకలి ఒక్కటే తేల్చదు. అధికారం ఎవరిదో అదీ తేలుస్తుంది.

లెనిన్‌గ్రాడ్ ముందు

నా అభిప్రాయానికి ఎదురుగా కొండలా నిలబడేది లెనిన్‌గ్రాడ్, రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు ముట్టడించిన సోవియట్ నగరం. 1941 నవంబరు 20 నుంచి డిసెంబరు 25 దాకా అక్కడ పిల్లలకూ, ఆధారపడినవాళ్ళకూ రోజు రేషను 125 గ్రాముల రొట్టె. అదీ పొట్టూ సెల్యులోజూ కలిసింది. జనం వడ్రంగి జిగురు ఉడకబెట్టుకున్నారు, తోలు బెల్టులు నానబెట్టుకున్నారు. వీధుల్లో పిల్లులూ కుక్కలూ మాయమయ్యాయి. అంతకన్నా ఘోరమైనవీ జరిగాయి, వాటి మీద పోలీసు కేసులున్నాయి. అక్కడికి వెళ్ళి రుచి గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు. శరీరం ఒక హద్దు దాటాక మనిషిలో మనిషి మిగలకపోవచ్చు. ఆ హద్దు ఉందని ఒప్పుకుంటాను.

కానీ ఆ హద్దుకు ఎంత దగ్గరగా వెళ్ళి జనం నిలబడ్డారో కూడా ఆ ఊరే చూపించింది. వావిలోవ్ అనే శాస్త్రవేత్త పెంచి పెద్దచేసిన విత్తనాల సంస్థలో కొందరు ఉద్యోగులు బియ్యం, వేరుశనగ, బంగాళదుంపల సేకరణల మధ్య కూర్చుని, వాటిని ముట్టకుండా ఆకలితో చనిపోయారు. జంతుప్రదర్శనశాలలో క్రసావిత్స అనే హిప్పో ఉండేది. కుళాయిలు ఆగిపోతే దాని చర్మం పగిలి నెత్తురు కారేది. యెవ్దోకియా దాషినా అనే ఉద్యోగిని నీవా నది నుంచి బండి మీద నీళ్ళు లాక్కొచ్చి, వెచ్చచేసి, ఆ చర్మాన్ని తడిపేది. అంత మాంసం ఉన్న జంతువు, అంత ఆకలి ఉన్న ఊరు. హిప్పో యుద్ధాన్ని దాటి బతికింది.

అక్కడి పులిపిల్లల సంగతి నన్ను చాలా రోజులు వెంటాడింది. మాంసం లేదు కాబట్టి గడ్డీ తెలకపిండీ కలిపి పెడితే అవి ముట్టలేదు. ఆకలితో నీరసించినా ముట్టలేదు. అప్పుడు సిబ్బంది ఆ ముద్దను కుందేలు చర్మాల్లో కూరి, కుట్టి, పైన కొవ్వు పూసి పెట్టారు. తిన్నాయి. పులికి కూడా పేరు మార్చి పెట్టాల్సి వచ్చింది.

వడ్డించేవాళ్ళు, తినేవాళ్ళు

మరి రుచి మారదా? మారుతుంది. దానికీ యుద్ధకాలమే సాక్ష్యం. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా మంచి మాంసాన్ని సైన్యానికి పంపి, ఇళ్ళలో గుండెకాయ, కిడ్నీలు, గొంతు గ్రంథులు వండించాలనుకుంది. మార్గరెట్ మీడ్ కార్యదర్శిగా ఉన్న ఆహారపుటలవాట్ల కమిటీ కోసం కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. కొన్ని బృందాల గృహిణులకు పోషకాల గురించి, దేశసేవ గురించి మంచి ఉపన్యాసం ఇప్పించాడు. కొన్ని బృందాల్లో వాళ్ళనే మాట్లాడనిచ్చాడు. ఇంట్లో మొగుడు ఏమంటాడు, వండుతుంటే వాసనెలా, అన్నీ వాళ్ళే చర్చించుకుని నిర్ణయించుకున్నారు. ఉపన్యాసం విన్నవాళ్ళలో 3 శాతం మంది తర్వాత అంతకుముందు ఎప్పుడూ పెట్టని మాంసం ఒకటి ఇంట్లో పెట్టారు. చర్చించుకున్నవాళ్ళలో 32 శాతం.

కూట్‌లో టెలిగ్రాములు ఎందుకు పనిచేయలేదో నాకు ఈ అంకెల్లో కనిపించింది. పై నుంచి అనుమతి వస్తే చాలదు. పక్కనున్నవాళ్ళు, రేపు ముఖం చూపించాల్సినవాళ్ళు ఒప్పుకోవాలి. 2013 అక్టోబరులో సిరియా రాజధాని డమాస్కస్ చుట్టూ ముట్టడిలో ఉన్న ప్రాంతాల ప్రజలకు పిల్లి, కుక్క, గాడిద తినొచ్చని అక్కడి మతపెద్దలు ఫత్వా ఇచ్చారు. అది తమవాళ్ళకు అనుమతి ఎంతో, బయటి లోకానికి మొర అంత అని నాకనిపిస్తుంది. ఇక్కడిదాకా వచ్చాం, చూస్తున్నారా అని.

యుద్ధం అయ్యాక బ్రిటన్‌లో తిమింగలం మాంసం అమ్మారు. మాంసం రేషను అక్కడ 1954 జులై దాకా నడిచింది, అయినా తిమింగలం జనానికి ఎక్కలేదు. అదే తిమింగలం జపాన్ బడుల్లో మధ్యాహ్న భోజనంగా పెడితే, ఆ తరం పెద్దయ్యాక ఇష్టంగా తలుచుకుంది. అక్కడి తీరప్రాంతాల్లో అది అంతకుముందే తిండి. కరవు ఉన్న రుచిని పెంచగలదు, లేనిదాన్ని పుట్టించడం చాలా కష్టం.

ఇంత గట్టిగా ఎందుకు వాదిస్తున్నానంటే, ఆకలి రుచి ఎరగదనే మాట జాలి దగ్గర ఆగదు. సహాయం పంపే బల్ల మీదకీ వెళుతుంది. వాళ్ళు ఏదైనా తింటారులే అనుకున్నవాళ్ళు ఏదైనా పంపుతారు. బోస్నియా రాజధాని సారయేవో 1990ల యుద్ధంలో 1,425 రోజులు ముట్టడిలో ఉంది. సహాయంగా వచ్చిన డబ్బా మాంసాన్ని పిల్లులూ కుక్కలూ కూడా ముట్టేవి కావని ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 2007లో ఆ డబ్బాకు నిలువెత్తు స్మారకం కట్టి, అంతర్జాతీయ సమాజానికి సారయేవో పౌరుల కృతజ్ఞతలు అని రాయించారు. దాన్ని ఎవరో బయటివాళ్ళు చూసి, ఆకలితో ఉన్నప్పుడు వచ్చిన తిండికి వంకలా అనవచ్చు. అనకూడదని నా ప్రార్థన. ఆ డబ్బా లేకపోతే కొందరు చనిపోయేవాళ్ళు, అది నిజం. దాన్ని తింటూ అవమానపడ్డారు, అదీ నిజం. రెండోది చెప్పే హక్కు మొదటిదానితో రద్దు కాదు.

మొన్న మామయ్య ఇంటికొచ్చినప్పుడు ఆ వార్తలో నేను వదిలేసిన వాక్యాలు చదివి వినిపించాను. హలాల్ మాట విని తలూపాడు. పిల్లల మాట దగ్గర ఆగమన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు, "తినని పిల్లలకి ఆ రాత్రి ఏం పెట్టిందిరా ఆవిడ?"